ప్లాస్టిక్ రసాయనాలు – నిత్యజీవితంలో జాగ్రత్తలు

ప్లాస్టిక్ తయారీలో కలిపే రసాయనాలు, ప్లాస్టిక్ వస్తువులు అరిగేకొద్దీ రాలే సూక్ష్మ రేణువులు ఆహారం, నీరు, గాలి, చర్మం ద్వారా మనిషి ఒంట్లోకి చేరుతుంటాయి. వీటిలో బిస్ఫినాల్-ఏ, థాలేట్లు, పీఫాస్ వంటివి హార్మోన్ల పనితీరులో జోక్యం చేసుకుంటాయని తేలడంతో, 1990ల నుంచి ఇది ప్రజారోగ్య సమస్యగా చర్చకు వచ్చింది. ప్లాస్టిక్‌ను పూర్తిగా వదిలించుకోవడం నేడు ఎవరికీ సాధ్యం కాదు. అయితే వేడి, నూనె, పులుపు, నిల్వకాలం అనే నాలుగూ ప్లాస్టిక్‌తో కలిసే చోట జాగ్రత్తపడితే ఒంట్లోకి చేరే మోతాదు చాలావరకు తగ్గుతుంది. ఇంట్లో జాగ్రత్తలకు లొంగనిదాన్ని చట్టాలు, తయారీ ప్రమాణాలే అదుపు చేయాలి.

నేపథ్యం

పూర్తిగా కృత్రిమమైన తొలి ప్లాస్టిక్ బేక్‌లైట్‌ను లియో బేక్‌లాండ్ 1907లో అమెరికాలో రూపొందించారు. 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ సంస్థ ప్రయోగశాలలో పాలిథిన్ బయటపడింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాస్టిక్ ఇళ్లలోకి వచ్చింది. తెలుగు ఇళ్లలోనూ ఇత్తడి బిందె స్థానంలో ప్లాస్టిక్ బిందె, పింగాణీ జాడీ స్థానంలో మూత డబ్బా, విస్తరాకు స్థానంలో థర్మాకోల్ పళ్లెం చేరాయి. గానుగ దగ్గర పాత్రలో పోయించుకునే నూనె ప్యాకెట్లలోకి మారింది.

ప్లాస్టిక్ అంటే ఒక్క పదార్థం కాదు. పొడవాటి అణువుల గొలుసులతో ఏర్పడే పాలిమర్‌కు మెత్తదనం, రంగు, మన్నిక, మంటను తట్టుకునే గుణం రావడానికి రకరకాల రసాయనాలు కలుపుతారు. వీటిలో చాలావాటికి పాలిమర్‌తో గట్టి రసాయన బంధం ఉండదు. అందుకే అవి మెల్లగా బయటికి ఊరి, తాకుతున్న ఆహారంలోకి చేరతాయి. నార్వే పరిశోధన మండలి నిధులతో 2024లో వెలువడిన ప్లాస్ట్‌కెమ్ నివేదిక ప్లాస్టిక్‌లతో ముడిపడిన 16,000కు పైగా రసాయనాలను లెక్కించింది. వాటిలో 4,200కు పైగా ఆందోళన కలిగించేవని తేల్చింది.

ఈ ప్రమాదం బయటపడిన తీరు ఆసక్తికరం. 1998లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో శాస్త్రవేత్త ప్యాట్రీషియా హంట్ ఆడ ఎలుకల అండాలపై పరిశోధన చేస్తున్నారు. ఏ రసాయనమూ ఇవ్వకుండా పోలిక కోసం ఉంచిన ఎలుకల అండాల్లో కూడా ఉన్నట్టుండి క్రోమోజోముల లోపాలు పెరిగాయి. కారణం వెతికితే బోనుల దగ్గర తేలింది. పాలీకార్బొనేట్ బోనులను, నీటి సీసాలను ఎవరో పొరపాటున నేల తుడిచే ఘాటైన క్షార ద్రావణంతో కడిగారు. ప్లాస్టిక్ దెబ్బతిని బిస్ఫినాల్-ఏ బయటికి వచ్చింది. 2003లో ప్రచురితమైన ఈ ఫలితాలు ఆ రసాయనంపై ప్రపంచవ్యాప్త పరిశోధనకు ఊపునిచ్చాయి.

ప్రధాన రసాయనాలు

బిస్ఫినాల్-ఏ: దీన్ని 1891లో రష్యా రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ డయానిన్ తొలిసారి తయారుచేశారు. స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్‌ను పోలిన గుణం దీనికి ఉందని 1930ల్లోనే తెలుసు. అయినా 1950ల నుంచి గట్టిగా, పారదర్శకంగా ఉండే పాలీకార్బొనేట్ తయారీలో, ఆహార డబ్బాల లోపలి ఎపాక్సీ పూతల్లో విస్తారంగా వాడారు. దుకాణాల్లో, ఏటీఎంలలో ఇచ్చే థర్మల్ కాగితం రసీదుల పైపూతలోనూ ఇది గానీ దీని సోదర రసాయనం బిస్ఫినాల్-ఎస్ గానీ ఉంటుంది.

థాలేట్లు: గట్టిగా ఉండే పీవీసీని మెత్తగా వంగేలా చేసేవి ఇవే. రక్తం సంచులు, గొట్టాలు, రెగ్జిన్, చవక బొమ్మలు, పరిమళ ద్రవ్యాలలో ఉంటాయి. కొవ్వులో సులువుగా కరుగుతాయి కాబట్టి నూనెలు, పాల పదార్థాలు వీటిని త్వరగా పీల్చుకుంటాయి.

పీఫాస్: నీరు, నూనె అంటకుండా చేసే ఫ్లోరిన్ రసాయనాల కుటుంబమిది. నాన్‌స్టిక్ పూతగా పేరుపడ్డ టెఫ్లాన్‌ను రాయ్ ప్లంకెట్ 1938లో కనుగొన్నారు. దాని తయారీలో దశాబ్దాలపాటు వాడిన పీఎఫ్ఓఏను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023 చివర్లో మనుషుల్లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పీఫాస్ రసాయనాలు ప్రకృతిలో దాదాపు విచ్ఛిన్నం కావు కాబట్టి వీటిని ‘శాశ్వత రసాయనాలు’ అని పిలుస్తారు. అట్టపెట్టెలకు, పేపరు ప్లేట్లకు నూనె ఇంకకుండా వేసే కొన్ని పూతల్లోనూ ఇవి కనిపిస్తాయి.

మైక్రోప్లాస్టిక్‌లు: 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ రేణువులివి. 2004లో బ్రిటన్ శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్ రాసిన పరిశోధన పత్రంతో ఈ పేరు వ్యాప్తిలోకి వచ్చింది.

ఈ రసాయనాలన్నీ ఒంట్లో ఒకేలా ప్రవర్తించవు. బిస్ఫినాల్-ఏ, థాలేట్లు చాలావరకు ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో వెళ్లిపోతాయి. కానీ రోజూ కొత్తగా చేరుతుండటంతో ఎప్పుడు పరీక్షించినా ఒంట్లో కనిపిస్తాయి. పీఎఫ్ఓఏ రక్తంలో సగానికి తగ్గాలంటే సంవత్సరాలు పడుతుంది. అలవాట్లు మార్చుకుంటే మొదటి రకం వెంటనే తగ్గుతుంది. రెండో రకం ఒంట్లో చేరకముందే ఆపాలి.

ఆరోగ్యంపై ప్రభావం

గర్భస్థ శిశువులు, పసిపిల్లలు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. అవయవాలు రూపుదిద్దుకునే దశలో హార్మోను సంకేతాలు అతిస్వల్ప మోతాదులో పనిచేస్తాయి. ఆ సమయంలో వాటిని పోలిన రసాయనం కొద్దిగా చేరినా ప్రభావం ఉండవచ్చు. గర్భిణుల ఒంట్లోని థాలేట్లకు, మగశిశువుల జననేంద్రియ వికాసంలో మార్పులకు సంబంధం ఉందని షానా స్వాన్ బృందం 2005లో నివేదించింది. సంతాన సామర్థ్యం, థైరాయిడ్, స్థూలకాయం, మధుమేహాలతోనూ ఈ రసాయనాలకు సంబంధాలు కనిపించాయి. అయితే వీటిలో చాలా అధ్యయనాలు రెండింటి మధ్య సంబంధాన్ని చూపినవే తప్ప, ఒకటి మరొకదానికి కారణమని నిరూపించినవి కావు.

మైక్రోప్లాస్టిక్‌ల విషయంలోనూ అంతే. 2022లో వెలువడిన అధ్యయనంలో నెదర్లాండ్స్‌కు చెందిన 22 మంది రక్తాన్ని పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ కనిపించింది. 2024లో వెలువడిన అధ్యయనంలో ఇటలీ వైద్యులు మెడ ధమనుల్లో పేరుకున్న కొవ్వు పూడికలను తొలగించి పరీక్షించారు. తర్వాత గమనించిన 257 మందిలో 150 మంది పూడికల్లో పాలిథిన్ రేణువులున్నాయి. ఆ రేణువులున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, మరణం కలిపి చూస్తే ముప్పు దాదాపు నాలుగున్నర రెట్లు ఎక్కువగా నమోదైంది. దానికి ప్లాస్టిక్కే కారణమని ఈ అధ్యయనం చెప్పదు.

ప్రచారంలో ఉన్న కొన్ని అంకెల్ని జాగ్రత్తగా చూడాలి. మనిషి వారానికి ఒక క్రెడిట్ కార్డు బరువున్న ప్లాస్టిక్, అంటే 5 గ్రాములు మింగుతున్నాడన్న 2019 నాటి మాట ఇప్పటికీ తిరుగుతోంది. 2021లో నెదర్లాండ్స్ పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం ఆ మోతాదు వారానికి నాలుగు మైక్రోగ్రాములే, అంటే దాదాపు పది లక్షల రెట్లు తక్కువ. నల్ల ప్లాస్టిక్ గరిటెల్లో అగ్నినిరోధక రసాయనాలు సురక్షిత పరిమితి దాకా వచ్చాయని 2024లో వెలువడిన పరిశోధనలో గుణకారం తప్పింది. సవరించాక ఆ మోతాదు పరిమితిలో పదో వంతేనని తేలింది. కరెంటు పరికరాల తుక్కు నుంచి ఆ రసాయనాలు వంటసామానులోకి వచ్చాయన్న అసలు విషయం మాత్రం నిలబడింది.

వంటింట్లో జాగ్రత్తలు

ఆహారం, ముఖ్యంగా వేడి ఆహారం తాకే ప్లాస్టిక్‌ను ముందు తగ్గించాలి. 2020లో డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల పరిశోధకులు పాలిప్రొపిలీన్ పాలసీసాల్లో నీళ్లు పోసి లెక్కించారు. నీరు 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు లీటరుకు సుమారు 6 లక్షల రేణువులు రాలితే, 95 డిగ్రీల దగ్గర 5.5 కోట్లు రాలాయి. ఖరగ్‌పుర్ ఐఐటీ పరిశోధకులు పేపరు కప్పుల్లో 85-90 డిగ్రీల వేడినీళ్లు పోసి పావుగంట ఉంచారు. 100 మిల్లీలీటర్లలో సుమారు 25,000 రేణువులు తేలాయి. పేరుకు పేపరు కప్పే అయినా లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ పొర లేకపోతే టీ పోసిన కాసేపటికే కప్పు నానిపోతుంది.

తెలుగు పట్టణాల్లో వేడి ఆహారం ప్లాస్టిక్‌ను తాకే ప్రధాన చోటు కర్రీ పాయింట్. పొగలు కక్కే పప్పు, సాంబారు, పులుసులను పలుచటి కవర్లలో పోసి, మూతి బిగించి ముడేసి ఇస్తారు. ఇంటికి చేరేదాకా ఆ వేడిలో, నూనెలో, చింతపండు పులుపులో కవరు నానుతుంది. టీ పార్సిళ్లదీ ఇదే దారి. స్టీలు క్యారియర్ గానీ, మూత బిగుతుగా పట్టే గిన్నె గానీ వెంట తీసుకెళ్లడం దీనికి తేలికైన మందు. ఇడ్లీ రేకుల్లో పాత నూలుగుడ్డ బదులు ప్లాస్టిక్ పట్టా పరిచి ఆవిరి పట్టే అలవాటు కొన్ని హోటళ్లలో కనిపించడంతో 2025లో కర్ణాటక ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఇంట్లో పాటించదగ్గ నియమాలు కొన్నే:

• ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మైక్రోవేవ్‌లో వేడిచేయకూడదు. డబ్బాపై ‘మైక్రోవేవ్ సేఫ్’ అని ఉంటే ఆ డబ్బా కరిగిపోదని, రూపు చెడదని భరోసా. రసాయనాలు అసలే ఊరవని దాని అర్థం కాదు.
• అన్నం, కూరలు చల్లారాకే డబ్బాల్లో సర్దాలి. స్టీలు టిఫిన్ బాక్సు ఉంటే ఆ చింత లేదు.
• ఆవకాయలో నూనె, పులుపు, ఉప్పు మూడూ ఉంటాయి. పైగా ఏడాదిపాటు నిల్వ ఉంటుంది. దాన్ని పింగాణీ జాడీలో లేదా గాజు సీసాలో పెట్టాలి. నెయ్యి, నూనెలకూ గాజు, స్టీలు మేలు.
• గీతలు పడిన, మసకబారిన డబ్బాలను, ప్లాస్టిక్ చాపింగ్ బోర్డులను వంటింట్లోంచి తీసేయాలి.
• నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా పొయ్యి మీద పెట్టి వదిలేయకూడదు. సుమారు 260 డిగ్రీలు దాటితే పూత దెబ్బతిని, విషవాయువులు వెలువడతాయి. పూత లేచిపోతే పెనం మార్చాలి. దోసెలకు ఇనుప పెనం చాలు. నూనె రాసి, సగానికి కోసిన ఉల్లిపాయతో రుద్దుతూ కాలిస్తే అట్టు అంటుకోకుండా లేస్తుంది.

సీసాల అడుగున త్రికోణంలో ఉండే అంకె ప్లాస్టిక్ రకాన్ని తెలుపుతుంది. రీసైక్లింగ్ కోసం 1988లో అమెరికాలో మొదలైన ఈ పద్ధతిలో 1 పెట్, 2 హెచ్‌డీపీఈ, 3 పీవీసీ, 4 ఎల్‌డీపీఈ, 5 పాలిప్రొపిలీన్, 6 పాలిస్టైరీన్. పాలీకార్బొనేట్ సహా మిగిలినవన్నీ 7 కిందికి వస్తాయి. ఆహారానికి 3, 6 అంకెలున్నవి, పాలీకార్బొనేట్ వాడకపోవడం మంచిది. ఇది వస్తువు ఏ రకమో చెప్పే గుర్తే తప్ప భద్రతకు హామీ పత్రం కాదు.

తాగునీరు, పసిపిల్లల పాలు

2024లో వెలువడిన అధ్యయనంలో కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు సీసా నీటిలో లీటరుకు సగటున 2.4 లక్షల ప్లాస్టిక్ రేణువులను లెక్కించారు. వాటిలో 90 శాతం అతిసూక్ష్మమైన నానో రేణువులే. నల్లా నీరు సురక్షితంగా ఉన్నచోట వడకట్టి, స్టీలు లేదా గాజు సీసాలో పట్టుకెళ్లడమే మేలు. సీసా నీళ్లు తప్పనప్పుడు ఎండలో నిలిపిన కారులో వాటిని వదిలేయకూడదు. ఇంటికి తెప్పించే 20 లీటర్ల క్యాన్లనూ ఎండ తగలని చోట ఉంచాలి.

కఠినజలాన్ని ఐదు నిమిషాలు మరిగించి చల్లార్చి వడకడితే ప్లాస్టిక్ రేణువులు దాదాపు 90 శాతం దాకా తగ్గాయని 2024లో చైనాలోని గ్వాంగ్‌జౌ పరిశోధకులు చూపించారు. నీటిలోని సున్నం గడ్డకడుతూ రేణువులను తనలో పట్టేసుకుంటుంది. సున్నం తక్కువగా ఉన్న నీటిలో తగ్గింది పావు వంతే. అయితే నల్లగొండ వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల బోరునీటికి ఇది పరిష్కారం కాదు. మరిగిస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ సాంద్రత ఇంకా పెరుగుతుంది.

పసిపిల్లలకు తల్లిపాలే మేలు. పొడిపాలు తప్పనిసరైతే స్టీలు గిన్నెలో కాచిన నీళ్లతో గాజు లేదా స్టీలు పాత్రలో కలిపి, గోరువెచ్చగా అయ్యాక సీసాలో పోయాలి. పొడిలోని సూక్ష్మజీవులు చావాలంటే వేడినీళ్లు అవసరం కాబట్టి చల్లటి నీళ్లతో కలపకూడదు. మరిగించిన పాలసీసాను వాడే ముందు విడిగా కాచి చల్లార్చిన నీటితో మూడుసార్లు తొలిచితే వదులుగా ఉన్న రేణువులు పోతాయి. గాజు సీసాలైతే ఈ ఇబ్బందే ఉండదు.

దుమ్ము, ఒంటికి రాసుకునేవి, పొగ

నైలాన్, పాలిస్టర్ బట్టలు, తివాచీలు, సోఫాల నుంచి రాలే పోగులు ఇంటి దుమ్ములో చేరతాయి. ఫర్నిచర్, కరెంటు పరికరాల్లోని అగ్నినిరోధక రసాయనాలూ దుమ్ములోనే ఉంటాయి. నేలమీద పాకుతూ చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకు ఇది ముఖ్యమైన దారి. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము గాలిలోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడవడం, కిటికీలు తెరవడం, భోజనానికి ముందు చేతులు కడగడం దీనికి విరుగుడు.

సెంట్లు, షాంపూలు, లోషన్లలోని పరిమళాల్లో కొన్ని థాలేట్లు ఉంటాయి. 2016లో వెలువడిన అధ్యయనంలో కాలిఫోర్నియాకు చెందిన వంద మంది బాలికలు మూడు రోజులపాటు ఆ రసాయనాలు లేని సౌందర్య సాధనాలు వాడారు. మూత్రంలో ఒక థాలేట్ అవశేషం 27 శాతం తగ్గింది.

వీటన్నిటికన్నా హానికరం ప్లాస్టిక్‌ను కాల్చడం. పొయ్యి రాజేయడానికి పాలిథిన్ కవర్లు ముట్టించడం, వీధి చివర చెత్తకు నిప్పు పెట్టడం, భోగి మంటల్లో పాత ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు పడేయడం మన దగ్గర మామూలైపోయింది. పీవీసీ కాలితే క్యాన్సర్ కారకమైన డయాక్సిన్లు పుడతాయి. భోగికి పిడకలు, కట్టెలు చాలు.

ఫలితాలు, పరిమితులు

2011లో వెలువడిన అధ్యయనంలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని ఐదు కుటుంబాలకు చెందిన 20 మందికి మూడు రోజులపాటు డబ్బా ఆహారం, ప్లాస్టిక్ ప్యాకింగ్ లేకుండా తాజాగా వండిన భోజనం పెట్టారు. వారి మూత్రంలో బిస్ఫినాల్-ఏ సగటున 66 శాతం, డీఈహెచ్‌పీ అనే థాలేట్ అవశేషాలు 50 శాతానికి పైగా తగ్గాయి. పాత తిండికి మారగానే మళ్లీ పెరిగాయి.

సియాటెల్‌లో షీలా సత్యనారాయణ బృందం పది కుటుంబాలతో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఫలితం తలకిందులైంది. ప్లాస్టిక్ తగలకుండా వండి పంపిన భోజనం తిన్నవారిలో థాలేట్ అవశేషాలు దాదాపు 25 రెట్లు పెరిగాయి. పదార్థాలను పరీక్షిస్తే పాలలో, ధనియాల పొడిలో థాలేట్లు ఎక్కువగా కనిపించాయి. పాలు పితికే గొట్టాల నుంచో, పొడి కొట్టే యంత్రాల నుంచో, రవాణాలోనో కలిసే రసాయనాన్ని వంటింట్లో స్టీలు గిన్నె ఆపలేదు. ధనియాలు, మిరపకాయలు తెచ్చుకుని ఇంట్లోనే పొడి కొట్టుకుంటే కొంతవరకు తప్పించుకోవచ్చు.

ప్రత్యామ్నాయాలన్నీ సురక్షితం కావు. ‘బీపీఏ ఫ్రీ’ అన్న సీసాల్లో కొన్నింటిలో వాడే బిస్ఫినాల్-ఎస్ గుణాలూ అలాంటివే. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పులుసు, మజ్జిగ ఉంచకూడదు. హిండాలియం, అల్యూమినియం, ఇత్తడి పాత్రల్లో కొన్నింటి నుంచి సీసం ఆహారంలోకి చేరుతోందని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2025లో హెచ్చరించింది. ఊరి నుంచి వంటసామాను తీసుకెళ్లే ప్రవాస తెలుగు కుటుంబాలు దీన్ని గమనించాలి.

చట్టాలు, ప్రమాణాలు

పాలసీసాల్లో బిస్ఫినాల్-ఏను ఐరోపా సమాఖ్య 2011లో, అమెరికా 2012లో నిషేధించాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 2015లో పాలసీసాల ప్రమాణం నుంచి పాలీకార్బొనేట్‌ను తొలగించింది. ఐరోపా ఆహార భద్రత సంస్థ 2023లో ఈ రసాయనపు సురక్షిత పరిమితిని 20,000 రెట్లు తగ్గించింది. జర్మనీ ప్రభుత్వ సంస్థ అంత కోత అక్కర్లేదంటూ దానికి వెయ్యి రెట్లు ఎక్కువ పరిమితిని ప్రతిపాదించింది. ఈ భేదాభిప్రాయం ఉండగానే, ఆహారాన్ని తాకే వస్తువుల్లో బిస్ఫినాల్-ఏపై ఐరోపా నిషేధం 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. తయారీదారులకు మారడానికి గడువు ఇచ్చారు.

భారతదేశంలో 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి చేరే పదార్థాలు మొత్తం కలిపి కిలోకు 60 మిల్లీగ్రాములు మించకూడదు. ఆహారాన్ని వార్తాపత్రికల్లో చుట్టి ఇవ్వడమూ నిషిద్ధమే. పీవీసీ పైపుల్లో సీసం వాడకాన్ని తగ్గిస్తూ 2021లో నియమాలు వచ్చాయి. 2022 జులై 1 నుంచి స్ట్రాలు, చెంచాలు, కప్పులు వంటి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై దేశవ్యాప్త నిషేధం ఉంది. అదే ఏడాది చివరి నుంచి చేతి సంచులు 120 మైక్రాన్ల కన్నా పలుచగా ఉండకూడదు. ఈ రెండు నియమాలూ చెత్తను తగ్గించడానికి చేసినవి. కవరు మందం పెరిగినంత మాత్రాన అందులో పోసిన వేడి సాంబారు సురక్షితం కాదు. తిరుమలలో ప్లాస్టిక్ నీటి సీసాలను ఆపి గాజు సీసాలు పెట్టడం ఈ విషయంలో ఇంకాస్త ముందడుగు. రోజూ వేలమంది వచ్చే చోట కూడా నిబంధన, ప్రత్యామ్నాయం రెండూ ఉంటే మార్పు సాధ్యమేనని అది చూపింది.

ప్లాస్టిక్‌పై ప్రపంచ ఒప్పందం కుదుర్చుకోవాలని 2022 మార్చిలో నైరోబీలో ఐక్యరాజ్య సమితి పర్యావరణ సభ తీర్మానించింది. 2024 చివర్లో బుసాన్‌లో, 2025 ఆగస్టులో జెనీవాలో జరిగిన చర్చలు ఒప్పందం లేకుండానే ముగిశాయి. ఉత్పత్తికి పరిమితి పెట్టాలా, హానికర రసాయనాలను ప్రపంచమంతటా నియంత్రించాలా అన్న ప్రశ్నల దగ్గరే దేశాలు ఏకాభిప్రాయానికి రాలేకపోయాయి.